మన అర్జీలో ‘వెరీ’లు ఎక్కువ, వివరాలు తక్కువ

పోస్టు పెద్దదే. భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి. కోపం వస్తే సాయంత్రం రాయండి, జవాబు చెబుతాం.

మంగళవారం మన గ్రూపులో పెట్టిన మురుగు కాలువ అర్జీ అందరూ చూశారు. చప్పట్లు, దండాలు, బొటనవేళ్ళు వరసగా పడ్డాయి. ‘ఇంగ్లీషు అదిరింది’ అని ముగ్గురు రాశారు. మేము ఏమీ పెట్టలేదు. ఏమండీ, మీకు నచ్చలేదా అని ఇద్దరు ఫోన్ చేసి మరీ అడిగారు. నచ్చలేదు. ఎందుకో ఇక్కడే అందరి ముందూ చెబుతాం.

ఆ కాగితం ప్రింటు తీయించి, ఎర్ర పెన్ను పట్టుకుని అరుగు మీద కూర్చున్నాం. ఒక్క పేజీ. అందులో విశేషణాలు, క్రియావిశేషణాలు కలిపి 34. అంకె ఒకటే ఒకటి, అది పైన వేసిన తేదీ. మోస్ట్ హంబ్లీ అండ్ రెస్పెక్ట్‌ఫుల్లీ అని మొదలైంది. వెరీ వెరీ పాథెటిక్ కండిషన్ అన్నారు. ఎక్స్‌ట్రీమ్‌లీ అన్‌బేరబుల్ స్మెల్ అన్నారు. టోటల్లీ నెగ్లెక్టెడ్ అన్నారు. చివర్న కైండ్‌లీ డు ద నీడ్‌ఫుల్ ఇమ్మీడియెట్లీ అని దండం పెట్టారు. బాగుంది. ఆ కాలువ ఎక్కడుంది? ఎంత పొడవు పూడిపోయింది? ఎన్ని ఇళ్ళ ముందు నీళ్ళు నిలుస్తున్నాయి? ఏ నెల నుంచి? వీటిలో ఒక్కదానికీ ఆ పేజీలో జవాబు లేదు. అగ్రహారం అన్న మాట కూడా లెటర్‌హెడ్‌లో ఉంది కాబట్టి సరిపోయింది.

రాసిన పిల్లలని తిట్టడానికి కాదు ఇది. మన కార్యదర్శి గారి అమ్మాయి రాత్రి పదకొండు దాకా కూర్చుని రాసిందట. ఆ ఓపికకి మెచ్చుకోవాలి. మా పోట్లాట ఆ అమ్మాయితో కాదు, ఇంగ్లీషు అంటే పట్టుచీర కట్టి నగలన్నీ దిగెయ్యడమే అనుకునే మన పెద్దవాళ్ళతో. ‘ఇంకొంచెం స్ట్రాంగ్‌గా ఉండాలమ్మా’ అని ఆ అమ్మాయి చేత రెండుసార్లు తిరగరాయించింది మనవాళ్ళే. స్ట్రాంగ్ అంటే ప్రతి మాట ముందూ ఒక వెరీ తగిలించడమని వీళ్ళకి ఎవరు చెప్పారో.

మేము జీతం తీసుకున్నంత కాలం బల్లకి అవతలి వైపు కూర్చున్నవాళ్ళం. అంటే అర్జీలు రాసే వైపు కాదు, చదివే వైపు. రైల్వే గుమాస్తా దగ్గరికి ఉదయం టపా వస్తుంది. ఇన్‌వర్డ్ రిజిస్టర్లో నంబరు వేస్తాడు. ప్రతి కాగితానికీ రెండు లైన్ల నోటు రాసి పైకి పంపాలి. ఆ రెండు లైన్లలో ఉండాల్సినవి ఇవీ: ఎవరు, ఏ చోట, ఏం జరిగింది, ఎప్పటి నుంచి, ఎవరేం చెయ్యాలి. అతని కన్ను కాగితం మీద వాటికోసమే పరుగెడుతుంది. వెరీ పాథెటిక్ దగ్గర ఆగదు. ఆగి ఏం రాసుకుంటాడు? ‘చాలా దయనీయంగా ఉన్నదట’ అని నోటు రాస్తే పైనున్న ఆఫీసరు ఫైలు మొహాన కొడతాడు. మన మంగళవారం అర్జీ మా బల్ల మీదికే వచ్చి ఉంటే మేము రాయగలిగిన నోటు ఇంతే: ‘ఒక కాలువ బాగోలేదని ఒక సంఘం వారు తెలుపుకున్నారు.’

పోయినసారి వీధి దీపాల సంగతి గుర్తుందా? మనం ఇమ్మీడియెట్లీ అని రాశాం. జవాబులో డ్యూలీ కన్సిడర్డ్ అని వచ్చింది. వాళ్ళ తప్పేమీ లేదు. మనం ఒక క్రియావిశేషణం పంపాం, వాళ్ళొక క్రియావిశేషణం తిప్పి పంపారు. చెల్లుకి చెల్లు.

రైల్వేలో అందరూ చెప్పుకునే ఒక అర్జీ ఉంది. 1909లో ఒఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ఆయన సాహిబ్‌గంజ్ రైల్వే కార్యాలయానికి రాసింది. అహ్మద్‌పూర్ స్టేషన్లో దిగాడు, పనసకాయ తిని కడుపు ఉబ్బింది, చెంబు పట్టుకుని పక్కకి వెళ్ళాడు, ఇంతలో గార్డు విజిల్ ఊదేశాడు. ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో పంచె పట్టుకుని పరుగెత్తి ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ పడ్డాడు. ఆ గార్డుకి పెద్ద జరిమానా వెయ్యండి, లేకపోతే పేపర్లకి ఎక్కిస్తానన్నాడు. ఆ ఇంగ్లీషులో వ్యాకరణం అడుగడుగునా కుంటుతుంది. కడుపు ఉబ్బడానికి ముందు ఆయన టూ మచ్ అని వేసుకున్న తీరు చూస్తే ఏ మాస్టారైనా సున్నా వేస్తాడు. కానీ స్టేషన్ పేరుంది, కారణం ఉంది, జరిగింది జరిగిన వరసలో ఉంది, కోరిక ఉంది. రైలు పెట్టెల్లో మరుగుదొడ్లు రావడానికి ఆ ఉత్తరమే కారణమని రైల్వేలో చెప్పుకుంటారు. దాన్ని ఇప్పటికీ జనం చదివి నవ్వుకుంటున్నారు, మెచ్చుకుంటున్నారు. మన 34 విశేషణాల అర్జీని ఏడాది తర్వాత మనమే చదవం.

అయితే వ్యాకరణం ఎలా ఏడిస్తే ఏంటి, విషయం ఉంటే చాలు కదా అని ఇప్పుడు ఒకరు లేస్తారు. లేవకండి. సేన్ గారి టూ మచ్ ఎవరికీ నష్టం చెయ్యలేదు. మన మాటలు చేశాయి. ఆ కథ ఈ గ్రూపులో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మేమే చెప్పాలి, ఎందుకంటే తప్పు మాది.

2022 జూలైలో గోదావరి వరద యానాంలోకి వచ్చింది గుర్తుంది కదా. నీళ్ళు తీశాక, గట్టు వైపున్న మన సభ్యుల తరఫున ఒక కాగితం రాసివ్వమన్నారు. రాశాం. మా బుర్రలో ఉన్న తెలుగు వాక్యం ఇది: ‘పెంకుటిళ్ళే దెబ్బతిన్నాయి.’ అంటే డాబాలకి ఏం కాలేదు, పెంకుటిళ్ళు పోయాయి, వాటిని చూడండి అని. తెలుగులో ఆ చిన్న ఏకారం పెంకుటిళ్ళకి అతుక్కుని ఉంటుంది, ఎటూ కదలదు. దానికి ఇంగ్లీషు ఓన్లీ అని మనందరికీ అలవాటు. మేము రాసింది: ద టైల్డ్ హౌసెస్ ఆర్ ఓన్లీ డ్యామేజ్డ్.

చదివేవాడికి దాని అర్థం వేరు. పెంకుటిళ్ళు దెబ్బ మాత్రమే తిన్నాయి, కూలిపోలేదు అని. వరద లెక్కల్లో పూర్తిగా కూలిన ఇల్లు ఒక గడి, కొంత దెబ్బతిన్న ఇల్లు ఇంకో గడి. ఆ రెండు గడుల మధ్య డబ్బు తేడా ఎంతో మీకు తెలుసు. మన జాబితాలో వెనక గోడ పూర్తిగా పడిపోయిన ఇల్లొకటి ఉంది. ఒంటరి పెద్దావిడది. ఆవిడ పేరు కొంత దెబ్బతిన్న గడిలోకి వెళ్ళింది. మన కాగితం వల్లే వెళ్ళిందా, వేరే కారణం ఉందా అనేది ఎవరూ రుజువు చెయ్యలేరు. మనల్ని అడిగినవారు మాత్రం ‘మీ సంఘమే డ్యామేజ్డ్ అని రాసింది కదండీ’ అన్నారు. మా చేత్తో రాసిన ఓన్లీ మాకే చూపించారు. ఇన్నేళ్ళు గుమాస్తాగిరీ చేసిన చెయ్యి అది. ఆఫీసుని తిట్టడానికి మాకు నోరు రాలేదు. ఓన్లీ ద టైల్డ్ హౌసెస్ అని నాలుగు మాటలు ముందుకి జరిపి ఉంటే ఆ మాట పడేది కాదు. ఆవిడ ఇప్పటికీ ఎదురైతే ‘బాబూ, కాఫీ తాగి వెళ్ళు’ అంటుంది. ఆ కాఫీ మాకు గొంతు దిగదు.

కాబట్టి విశేషణం తప్పైనా ఫరవాలేదని మా దగ్గర అనకండి.

రైల్వేలో పనిచేసినవాడికి ఒక్క విశేషణం విలువ ఏంటో బాగా తెలుసు. క్యాజువల్ లేబర్ అనే మాట విన్నారా? పట్టాల పక్కన గునపం పట్టుకుని పనిచేసే మనిషి పేరు ముందు క్యాజువల్ ఉంటే ఒక బతుకు, టెంపరరీ ఉంటే ఒక బతుకు, పర్మనెంట్ ఉంటే ఇంకో బతుకు. చేసే పని అదే, ఎండ అదే, గునపం అదే. ఓపెన్ లైన్లో 120 రోజులు తెగకుండా పనిచేస్తే టెంపరరీ హోదా వచ్చేది. కొత్త లైన్లు వేసే ప్రాజెక్టుల్లో ఆ వీలు లేక ఏళ్ళ తరబడి క్యాజువల్‌గానే ఉండిపోయారు. ఇందర్ పాల్ యాదవ్ కేసులో 1985లో సుప్రీంకోర్టు ముందుకి వెళ్తే గానీ ప్రాజెక్టు వాళ్ళకి 360 రోజుల లెక్కతో దారి తెరుచుకోలేదు. ఆ రోజులు లెక్కగట్టే మస్టర్ రోల్ కాగితాలు మా చేతుల మీదుగా పోయాయి. ఒక్క విశేషణం మారడం కోసం మనుషులు పదేళ్ళ నాటి హాజరు చీటీలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరిగేవారు.

ఇంకో కేసు. వార్షిక రహస్య నివేదికల్లో అవుట్‌స్టాండింగ్, వెరీ గుడ్, గుడ్, యావరేజ్ అని గ్రేడులు రాసేవారు. సరిహద్దు రోడ్ల సంస్థలో దేవ్ దత్ అనే ఇంజనీరుకి 1993-94లో గుడ్ అని రాశారు. ప్రమోషనుకి కావలసింది ఐదేళ్ళూ వెరీ గుడ్. గుడ్ అంటే మంచిదే కదా అని ఎవరూ ఆయనకి చెప్పనైనా లేదు. ఆయన కింద ఉన్నవాళ్ళు పైకి వెళ్ళిపోయారు. 2008 మే 12న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: పేరుకి గుడ్ అయినా, వెరీ లేనందువల్ల ప్రమోషను పోతుంటే ఆ మాట ఆయనకి వ్యతిరేకమే, అలాంటి ప్రతి మాటనీ ఉద్యోగికి తెలపాలి అని. చూశారా, అక్కడ వెరీ అంటే నిచ్చెనలో ఒక మెట్టు. దానికి కొలత ఉంది. మనం కాలువ అర్జీలో రాసిన వెరీ వెరీకి ఏ మెట్టుంది? ఒకటి తీసేస్తే కంపు ఏమైనా తగ్గుతుందా?

ఇక తప్పులు ఎక్కడ నుంచి వస్తున్నాయంటే, మన భాష నుంచే. సిగ్గుపడక్కర్లేదు, తెలుసుకుంటే చాలు. మాది తమిళ మీడియం చదువు. నాన్నగారి ఉద్యోగం వల్ల తమిళనాడు రైల్వే క్వార్టర్సులో పెరిగాం. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగులో అందమైన అమ్మాయి అంటాం, అమ్మాయి అందంగా ఉంది అంటాం. తమిళంలో అళగాన పెణ్ అంటారు, అళగాగ ఇరుక్కిరాళ్ అంటారు. రెండు భాషల్లోనూ ఉంది అనేసరికి ఆ ‘గా’ వచ్చి కూర్చుంటుంది. ‘అందంగా పాడింది’ అన్నా అదే ‘గా’. ఇంగ్లీషు వాడు ఈ రెంటినీ వేరు చేస్తాడు. పాడటం అనే పనికి బ్యూటిఫుల్లీ. ఉండటానికి, కనిపించడానికి బ్యూటిఫుల్. మనం ‘గా’ వినపడ్డ చోటల్లా ‘లీ’ తగిలించేస్తాం.

మంగళవారం అర్జీలో రెండో పేరా చూడండి: ద డ్రెయిన్ స్మెల్స్ బ్యాడ్‌లీ. అంటే కాలువకి ముక్కు సరిగా పనిచెయ్యట్లేదని అర్థం. జలుబు చేసిందేమో. స్మెల్స్ బ్యాడ్ అంటే చాలు. గుర్తు పెట్టుకోవడానికి ఒక కొండగుర్తు: ఆ క్రియ తీసేసి ఈజ్ పెట్టి చూడండి. అర్థం దగ్గర్లోనే నిలబడితే విశేషణం వెయ్యండి, ‘లీ’ వద్దు. ద పులస కర్రీ టేస్ట్స్ గుడ్, ద పులస కర్రీ ఈజ్ గుడ్. నిలబడింది. వండినావిడ దగ్గరకి వస్తే షీ కుక్డ్ ఇట్ వెల్. అక్కడ ఈజ్ పెడితే వాక్యమే కూలుతుంది, పని ఎలా చేసిందో చెబుతున్నాం కాబట్టి. పులస మీద నోట్లు తగలేసిన వాళ్ళకి ఈ ఉదాహరణ మరిచిపోవడం కష్టం.

‘లీ’ తగిలించగానే అర్థం ఎగిరిపోయే మాటలు కూడా ఉన్నాయి. హార్డ్ అంటే కష్టపడి, హార్డ్‌లీ అంటే దాదాపు లేనే లేదు. మన సఫాయి కార్మికుడికి మెచ్చుకోలు పత్రంలో హీ వర్క్స్ హార్డ్‌లీ అని రాసి ఇచ్చాం ఒకసారి. పాపం దాన్ని ఫ్రేము కట్టించుకున్నాడు. లేట్ అంటే ఆలస్యం, లేట్‌లీ అంటే ఈమధ్య. టూ అంటే వెరీ కాదు, ఉండాల్సిన దానికంటే మించి అని. మోర్ బెటర్ అనకండి, బెటర్‌లోనే మోర్ ఉంది. మన భాషలో ‘కంటే’ ఒక్కటే ఆ పనంతా చేస్తుంది కాబట్టి ఇంగ్లీషులో మనకి చెయ్యి ఆగదు. మన ఊరి పాత తరం నేర్చుకున్న ఫ్రెంచిలో విశేషణాలు చాలావరకు నామవాచకం వెనక నడుస్తాయి, దాని లింగాన్ని బట్టి వేషం కూడా మారుస్తాయి. దాన్ని నేర్చిన ఊరికి ఇంగ్లీషు ఓన్లీ ఒక లెక్కా!

అసలు తెలుగులోనే రాయొచ్చు కదా అని అడిగేవారున్నారు. రాయొచ్చు, రాయాలి. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషా చట్టంలో తమిళంతో పాటు యానాంలో తెలుగుకి, మాహేలో మలయాళానికి చోటుంది. ఇక్కడి కార్యాలయానికి ఇచ్చే కాపీ తెలుగులోనే ఇద్దాం. కానీ ఫైలు ఇక్కడే ఆగదు. ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల పుదుచ్చేరిలో దాన్ని తెరిచే గుమాస్తాకి తెలుగు రాకపోతే మన తెలుగు అతనికి ముగ్గులా కనిపిస్తుంది. ఇంగ్లీషు కాపీ అందుకు. తమిళ కాపీ కావాలంటే మేము రాస్తాం. మా బడి మాకు అలా ఉపయోగపడనివ్వండి.

ఇంకొందరు కుర్రాళ్ళు ఫోన్లో యంత్రమే రాసి పెడుతుంది, మీకెందుకు తాతగారూ ఈ గొడవ అంటున్నారు. మేమూ రాయించి చూశాం. వ్యాకరణం తప్పు ఒక్కటీ లేదు. స్మెల్స్ బ్యాడ్‌లీ అనలేదు. కానీ మనం ఇచ్చిన ఆరు మాటలకి అది అరవై విశేషణాలు కట్టింది. డీప్‌లీ కన్సర్న్‌డ్ అంది. కాలువ ఎంత డీపో దానికి తెలీదు, మనం చెప్పలేదు కాబట్టి. దాని చేత రాయించుకోండి, కాదనం. ముందు మీరు వీధి చివరిదాకా నడిచి రండి.

విశేషణాలన్నీ పీకెయ్యమని కూడా మేము అనట్లేదు. ఓపెన్ డ్రెయిన్ అంటే మూత లేని కాలువ. ఆ ఓపెన్ ఉండాలి, అది తీస్తే పిల్లవాడు పడే ప్రమాదం కనపడదు. బ్రోకెన్ కల్వర్ట్‌లో బ్రోకెన్ ఉండాలి, రిపేరా శుభ్రం చెయ్యడమా అన్నది దాన్ని బట్టే తేలుతుంది. పాథెటిక్ తీసేస్తే ఏం పోతుంది? ఏమీ పోదు. టోటల్లీ నెగ్లెక్టెడ్ తీసి, చివరిసారి పూడిక ఎప్పుడు తీశారో ఆ నెల వెయ్యండి. కాలయాపన ఎంతో చదివేవాడే లెక్కేసుకుంటాడు, మనం అతన్ని తిట్టినట్టూ ఉండదు. హంబ్లీ అసలొద్దు. పన్ను కట్టేవాళ్ళం, మురుగు తియ్యమని అడుగుతున్నాం. అందులో అణకువ ఎందుకు, డియర్ సర్ చాలు.

మంగళవారం అర్జీ ఇంకా ఇవ్వలేదని కార్యదర్శి గారు చెప్పారు. ఇవ్వకండి. ఈ ఆదివారం ఉదయం ఆరున్నరకి, ఎండెక్కక ముందే, కాలువ మొదటి నుంచి తూము దాకా నడుద్దాం. పూడిక లోతు ప్రతి ఇంటి ముందూ అంగుళాల్లో కొలుద్దాం. నీళ్ళు ఏ నెల నుంచి నిలుస్తున్నాయో మగవాళ్ళని అడగొద్దు, ముగ్గు వేసే ఆడవాళ్ళని అడగండి, తేదీతో సహా చెబుతారు. జ్వరాలు వచ్చిన ఇళ్ళ సంఖ్య కూడా రాసుకుందాం, పేర్లు వద్దు. తూము దగ్గర విరిగిన పలక ఫోటో కుర్రాళ్ళు తీస్తారు. ఆ లెక్కలన్నీ కార్యదర్శి గారి అమ్మాయికే ఇద్దాం, రాసేది ఆ అమ్మాయే. ఓన్లీ వాడాల్సి వస్తే మాత్రం ఒకసారి మాకు చూపించమని మనవి.

టేపు మా ఇంట్లో ఉంది, ముప్పై మీటర్లది. దాని రెండో కొస పట్టుకోవడానికి ఒకరు, అంకెలు రాసుకోవడానికి ఒకరు కావాలి. వచ్చేవాళ్ళు కింద పేరు రాయండి. బొటనవేలు పెట్టి ఊరుకోకండి.